యాస లేని వీరులు

మా పెద్దమ్మ కూతురికి తెనాలి వైపు సంబంధం వచ్చింది. 1986 వేసవి. పిల్లవాడూ, తల్లిదండ్రులూ, ఇంకో ఇద్దరు బంధువులూ పొద్దున్నే రైలు దిగి నేరుగా మా ఇంటికే వచ్చారు. కాఫీలయ్యాయి. కాసేపటికి పెద్దమ్మ వసారాలోకి వచ్చి పిల్లవాడి తల్లిని ఎంతో మర్యాదగా అడిగింది: "అబ్బాయి నీళ్ళు పోసుకున్నాడా వదినగారూ?"

మా కోలారు వైపు నీళ్ళు పోసుకోవటమంటే స్నానం చెయ్యటం. వాళ్ళ వైపు నీళ్ళు పోసుకుందంటే ఆడమనిషికి నెల తప్పిందని. వసారాలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తరవాత నవ్వు. పెళ్ళికొడుకు మేనమామ అయితే తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయి మరీ నవ్వి వచ్చాడు. అందరూ నవ్వుతున్నారు కదా అని పెద్దమ్మ కూడా నవ్వింది. సంగతేమిటో తెలిశాక ఆ పూటంతా మళ్ళీ వంటింట్లోంచి బయటికి రాలేదు. సంబంధం కుదిరింది, పెళ్ళి బాగానే జరిగింది, ఆ మేనమామ మంచివాడు కూడా. కాని ఆ తరవాత తెనాలి నుంచి ఎవరొచ్చినా పెద్దమ్మ "స్నానాలయ్యాయా" అనే అడిగేది, ఆ మాటని ఎరువు తెచ్చుకున్న వెండిగిన్నెలా జాగ్రత్తగా పట్టుకుని.

హాస్యచిత్రాల గురించీ, టీవీలో గాలిలో ఎగిరే వీరుల గురించీ రాయబోతూ ఈ సంగతితో ఎందుకు మొదలుపెట్టానంటే, ఆ రెంటిమీదా నాకున్న పిచ్చికి మూలం ఆ వసారాలోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కథాసంపుటాల మీదా, కవితల మీదా చర్చ జరిగే ఈ పుటల్లో 'శక్తిమాన్' గురించి రాస్తానంటే సంపాదకులు ఏమనుకున్నారో గాని కాదనలేదు.

ముందు నవ్వు సంగతి. బెంగుళూరు దూరదర్శన్ కేంద్రం 1981 నవంబరు 1న మొదలైంది. అందులో కన్నడం వచ్చేది, ఢిల్లీ హిందీ వచ్చేది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చి కేబుల్ తీగల మీద మన ఇళ్ళలోకి దిగేదాకా తెరమీది తెలుగంటే మనకి గాంధీనగర్ థియేటర్లు, లేకపోతే అద్దె వీడియో క్యాసెట్లు. మా ఇంట్లో వీడియో లేదు. శనివారం సాయంత్రం పెట్టె, నాలుగు క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని ఆదివారం రాత్రికల్లా అన్నీ చూసి తిరిగి ఇచ్చేసేవాళ్ళం. అద్దె కిట్టుబాటు కావాలి కదా, మధ్యలో నిద్రపోయినవాణ్ణి లేపి మరీ చూపించేవారు. ఆ క్యాసెట్లలో సగం జంధ్యాలవి. 'నాలుగు స్తంభాలాట' (1982), 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984), 'చంటబ్బాయ్' (1986), ఆ తరవాత 'అహ నా పెళ్ళంట' (1987).

జంధ్యాల హాస్యాన్ని 'ఆరోగ్యకరమైన హాస్యం' అని మెచ్చుకోవటం మన విమర్శకులకి అలవాటు. కషాయం గురించి చెప్పినట్టుంటుంది అది. నాకు కనిపించేది వేరు. ఆయన మనుషులు చేసే పని ఏమిటంటే మాట్లాడటం. అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడి ఎదుటివాడి ప్రాణం తియ్యటం. 'సుత్తి' అనే మాట ఆ అర్థంలో ఊరూరా పాకిందీ, వీరభద్రరావుకీ వేలుకీ ఇంటిపేరైందీ 'నాలుగు స్తంభాలాట' తోనే. 'శ్రీవారికి ప్రేమలేఖ'లో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పటం మొదలుపెడితే పేర్లు పడే దగ్గర్నుంచీ చెప్పుకొస్తుంది. 'చంటబ్బాయ్'లో అదే శ్రీలక్ష్మి తన కవిత్వంతో పత్రికా సంపాదకుణ్ణి హింసపెడుతుంది. (ఈ సన్నివేశం చూసి నవ్వని సంపాదకుణ్ణి నేనింకా చూడలేదు.) అంటే జంధ్యాల నవ్వింది భాష రానివాళ్ళని చూసి కాదు, భాషమీద ప్రేమ ఎక్కువై ఒళ్ళు తెలియనివాళ్ళని చూసి. ఆ నవ్వులో ఎదుటివాణ్ణి కిందికి తొయ్యటం తక్కువ. ఆడవాళ్ళ విషయంలోనూ, లావుపాటివాళ్ళ విషయంలోనూ అప్పుడప్పుడు ఆ మర్యాద తప్పాడన్నది ఒప్పుకోవాలి.

'అహ నా పెళ్ళంట' మా మామయ్యకి ఎంత నచ్చిందంటే, బొమ్మ నడుస్తుండగా టేపురికార్డరు టీవీ ముందు పెట్టి మాటలు ఎక్కించాడు. తొంభై నిమిషాల టేపు. కాబట్టి సినిమా మొత్తం పట్టలేదు, పాటలొచ్చినప్పుడు నొక్కి ఆపేవాడు. ఆ టేపు మా ఇంట్లో ఏళ్ళ తరబడి మోగింది. మధ్యాహ్నాలు బియ్యం ఏరుతూ వినేవారు, పండగ పనులు చేసుకుంటూ వినేవారు. కోడిని పైన వేలాడదీసి దాన్ని చూస్తూ ఒట్టి అన్నం తినే లక్ష్మీపతిని మా ఇంటి పిల్లలు కళ్ళతో చూసింది రెండుసార్లే, చెవులతో మాత్రం వందలసార్లు. బళ్ళో కన్నడం, ఇంగ్లీషు నేర్చుకుని, తెలుగు అక్షరం ఒక్కటి రాని పిల్లలు కోట శ్రీనివాసరావు పిసినారి మాటలు ఒక్క పొల్లు పోకుండా అప్పగించేవాళ్ళు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వారి కృష్ణదేవరాయ కళామందిరానికి పండగ సభలకి వెళ్ళినప్పుడు చూశాను, మా ఇల్లొక్కటే కాదు. పద్యం రాని పిల్లలు, వేదికమీద నిలబడి తెలుగులో నాలుగు వాక్యాలు చెప్పలేని పిల్లలు, బయట మెట్లమీద కూర్చుని బ్రహ్మానందం 'అరగుండు' మాటలు ఒకరికొకరు అందించుకుంటున్నారు. మన పిల్లలకి తెలుగు నేర్పిన సంస్థల జాబితా ఎవరైనా రాస్తే అద్దె వీడియో దుకాణాన్ని మరిచిపోకూడదు.

కాని ఆ టేపులో ఉన్నది కృష్ణా గోదావరి తెలుగు. మా పిల్లలు నవ్వుతో పాటు నేర్చుకున్నది ఆ తెలుగే అసలు తెలుగని కూడా. మరి మా తెలుగు తెరమీద ఎక్కడుంది? ఉంది, రెండు చోట్ల. 'ప్రేమించుకుందాం రా' (1997)లో జయప్రకాష్ రెడ్డి నోట రాయలసీమ మాట వచ్చింది, చేతిలో కత్తితో. గొప్ప నటుడు, ఆ మాటని గొప్పగా పలికాడు. ఆ తరవాత పదేళ్ళు సీమ యాస అంటే సుమోలూ బాంబులూ. ఆ జోరు తగ్గాక అదే యాస, చాలాసార్లు అదే నటుడి నోట, నవ్వులకి పనికొచ్చింది. తెలంగాణ మాటకి అంతకు ముందే ఆ గతి పట్టింది. 'ప్రతిఘటన' (1985)లో కృష్ణా జిల్లావాడైన కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో దుర్మార్గపు రాజకీయ నాయకుణ్ణి ఆడించాడు, జనం విరగబడి నవ్వారు. నాయకుడూ నాయికా మాత్రం ఎక్కడ పుట్టినా ఒకటే భాష మాట్లాడతారు. ఇక కన్నడం కలిసిన మా తెలుగు, పొద్దున్నే ఇంటికొచ్చినవాణ్ణి "తిండి అయిందా" అని పలకరించే తెలుగు, కత్తికీ నవ్వుకీ కూడా నోచుకోలేదు. (ఇక్కడ తిండి అంటే ఉదయపు ఫలహారం. కృష్ణ దాటితే ఆ పలకరింపు మోటు.) వసారాలో మేనమామ నవ్వాడంటే ఆయన తప్పేముంది? యాస వినపడగానే నవ్వాలని ఆయనకి నేర్పింది తెర.

ఈ చిక్కు ఏమీ లేని హాస్యచిత్రం ఒకటుంది, అది తయారైంది మన ఊళ్ళోనే. సింగీతం శ్రీనివాసరావు 'పుష్పక విమానం' 1987లో వచ్చింది. దర్శకుడు తెలుగువాడు, నిర్మాత శృంగార్ నాగరాజ్ కన్నడిగుడు, నాయకుడు కమల్ హాసన్ తమిళుడు. ఒక్క మాట లేదు. బిచ్చగాడుగా మన పి.ఎల్. నారాయణ ఉన్నాడు, హంతకుడుగా హిందీ నుంచి వచ్చిన టిన్నూ ఆనంద్ ఉన్నాడు. ఎవరి యాసా ఎవరికీ తెలియదు. ఇన్ని భాషల బెంగుళూరులో తీసిన బొమ్మకి మాటలు లేకపోవటం ప్రయోగమనే అందరూ మెచ్చుకున్నారు, ఉత్తమ వినోద చిత్రంగా జాతీయ బహుమతి కూడా ఇచ్చారు. నాకు మాత్రం అదొక శాంతి ఒప్పందంలా కనిపిస్తుంది. విండ్సర్ మేనర్ హోటల్లో మర్యాదస్తుడిగా తిరిగే ఆ నిరుద్యోగి నోరు విప్పాల్సి వస్తే మొదటి రోజే దొరికిపోయేవాడు. సూటు సరిపోయింది, షేవింగ్ సరిపోయింది. మాట ఒక్కటే మనిషిని పట్టిస్తుంది. సింగీతం ఆ ఒక్కదాన్ని తీసేశాడు, దానితో పేదవాడు ధనవంతుడైపోయాడు.

అందులో నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని చోటు ఒకటుంది. కమల్ హాసన్ మామూలుగా ఉండే గది ఒక సినిమా హాలు పక్కన. రాత్రంతా ఆ రొద వింటూనే నిద్రపోవటం అలవాటు. హోటల్ మెత్తటి పరుపుమీద, ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. చివరికి తన పాత గదికి వెళ్ళి, ఆ రొదని టేపులో ఎక్కించుకొచ్చి, పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. హాలంతా నవ్వింది. మా మామయ్య మాత్రం నా వైపు తిరిగి చూశాడు. ఆయన టేపు అప్పటికే ఇంట్లో ఉంది మరి, లేక ఆ తరవాత కొన్ని నెలలకి వచ్చిందో. జ్ఞాపకాలు ఇలాగే ముందూ వెనకా అవుతాయి.

ఇక శక్తిమాన్. 1997 సెప్టెంబరు 13, శనివారం, దూరదర్శన్‌లో మొదలైంది. మా చెల్లెలి కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్ళు. శనివారం ఒంటిపూట బడి. గంట కొట్టీ కొట్టకముందే సంచీ ఊపుకుంటూ వచ్చి టీవీ ముందు కూలబడేవాడు. తరవాత ఎప్పుడో ఆదివారానికి మార్చారు, బళ్ళవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. వాడితో పాటు నేనూ కూర్చునేవాణ్ణి, వాడికి తోడనే వంకతో. కొన్నాళ్ళకి వాడు లేకపోయినా కూర్చుంటున్నానని ఇంట్లో వాళ్ళు కనిపెట్టారు.

కథ తెలియనివాళ్ళు తక్కువే. సూర్యాంశీలనే యోగులు ఒక బాలుణ్ణి పెంచి, యోగం నేర్పి, ఏడు చక్రాలు మేలుకొలిపి, పంచభూతాల బలంతో లోకంలోకి పంపుతారు. శత్రువు పేరు తమరాజ్ కిల్విష్. మా ఇంట్లో హిందీ ఎవరికీ సరిగ్గా రాదు. కాని ఆ పేరు వినగానే మా నాన్న పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. తమం అంటే చీకటి, కిల్బిషమంటే పాపం. ఇంక వాడు ఎవడో చెప్పక్కర్లేదు అన్నాడు. ఆ ధారావాహికలో హిందీ మన పురాణకాలక్షేపాల సంస్కృతానికి దగ్గర. దానికి తోడు శక్తిమాన్ వేసిన ముఖేష్ ఖన్నా చోప్రా 'మహాభారత్'లో భీష్ముడు, కిల్విష్ వేసిన సురేంద్రపాల్ అందులోనే ద్రోణుడు. తాతా గురువూ మళ్ళీ ఎదురెదురుగా నిలబడితే మా నాన్నకి పరిచయం కావలసింది ఏముంది?

అయితే మావాడు చూసింది శక్తిమాన్‌ని కాదు, గంగాధర్‌ని. పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి. శక్తిమాన్ మామూలు వేళల్లో వేసుకునే వేషం. దళసరి కళ్ళద్దాలు, ముందుకొచ్చిన పళ్ళు, నూనె పెట్టి దువ్విన జుట్టు, ఒక పత్రికలో ఫొటోలు తీసే ఉద్యోగం. పేరు అడిగితే ప్రవర చెప్పినట్టు మొత్తం చెబుతాడు. అతను నోరు విప్పితే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. ఎందుకని? పళ్ళ వల్ల కొంత. అసలు కారణం అతని భాష. బొంబాయి ఆఫీసు కుర్రాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు కలిసిన హిందీ మధ్య అతను ఎక్కడో పాఠశాలలో నేర్చుకున్న శుద్ధమైన హిందీ మాట్లాడతాడు.

ఇలాంటి రెండు వేషాల వీరుడు అమెరికా సరుకేనని, సూపర్‌మేన్‌కి నకలేనని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నకలే. కాని కాపీ కొట్టినవాడు ఎక్కడ మార్చాడో చూడాలి కదా. క్లార్క్ కెంట్ కళ్ళద్దాలు పెట్టుకుంటాడు, భుజాలు వంచుకుని నడుస్తాడు, 1978 సినిమాలో క్రిస్టఫర్ రీవ్ అయితే తడబడి వస్తువులు జారవిడుస్తాడు కూడా. కాని క్లార్క్ కెంట్ ఇంగ్లీషు విని ఎవరూ నవ్వరు. అతను మంచి విలేకరి. అమెరికావాడు తన వీరుణ్ణి దాచటానికి వొంటిని వాడుకున్నాడు. మనవాడు భాషని వాడుకున్నాడు. ఈ దేశంలో మనిషిని చిన్నబుచ్చటానికి దగ్గరి దారి ఏదో ఆ ధారావాహిక రాసినవాళ్ళకి బాగా తెలుసు.

ఇంకొకటి గమనించాను, అది పట్టుబడటానికి నాకు చాలా శనివారాలు పట్టింది. గంగాధర్ గిర్రున తిరిగి శక్తిమాన్ అయ్యాక కూడా మాట్లాడేది అదే శుద్ధ హిందీ. బట్ట మారింది, పళ్ళు సర్దుకున్నాయి, గొంతు భీష్ముడిదైంది. మాటలు మాత్రం అవే. ఇందాక వాటిని విని నవ్విన అమ్మాయిలూ అబ్బాయిలూ ఇప్పుడు చేతులు కట్టుకుని వింటున్నారు. అంటే తప్పు మాటలో లేదన్నమాట. మావాడు తొమ్మిదేళ్ళకే ఇది గ్రహించాడని చెబితే అతిశయోక్తి అవుతుంది. కాని వాణ్ణి బళ్ళో హిందీ పలుకు విని వెక్కిరించేవాళ్ళు, సెలవలకి వచ్చిన తెనాలి పిల్లలు తెలుగు విని వెక్కిరించేవాళ్ళు. వాడు మంచంమీంచి దూకుతూ శక్తిమాన్ ఆట ఆడినప్పుడు ముందు చాలాసేపు గంగాధర్‌గా ఉండేవాడు. పళ్ళు ముందుకు పెట్టి, అందరిచేతా నవ్వించుకుని, ఎవరు ఎంత నవ్వారో లెక్క చూసుకుని, అప్పుడు తిరిగేవాడు.

ధారావాహికగా అది గొప్పదని నేననను. 2005 దాకా సాగింది, అందులో మూడో వంతు చాలు. గ్రాఫిక్స్ నాసి. గీతా విశ్వాస్ విలేకరి అయివుండీ ఎదురుగా ఉన్న మనిషిని ఏళ్ళ తరబడి పోల్చుకోదు. ప్రతి భాగం చివరా నీతిపాఠం, పిల్లలొచ్చి తాము చేసిన తప్పు చెప్పుకుని శక్తిమాన్‌కి క్షమాపణలు చెప్పటం చూస్తే నాకు ఒళ్ళు కంపరమెత్తేది. శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రాణాలమీదికి తెచ్చుకున్నారని వార్తలు వచ్చాయి, ఆ వార్తలు సరైనవి కావని ముఖేష్ ఖన్నా వాదిస్తూ వచ్చాడు. మా చెల్లెలు మాత్రం మేడమెట్ల తలుపుకి తాళం వేసింది. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా గంగాధర్ మిగులుతాడు. 1980లో ఎన్.టి. రామారావు ఆంజనేయుడి వరంతో 'సూపర్‌మేన్' అయ్యాడు. ఆ బొమ్మ నాకు రుచించకపోవటానికి కారణం అదే, నవ్వించే సగం అందులో లేదు. పాండవుల అజ్ఞాతవాసం చదివిన జాతికి వీరుడు వంటవాడుగా, నాట్యం నేర్పే పేడివాడుగా కనిపించాలన్నది కొత్త సంగతా? 'నర్తనశాల' (1963)లో ఆయనే బృహన్నలగా ఆ సగాన్ని ఎంత అందంగా చేశాడు!

వీరుడూ విదూషకుడూ ఒకే ఒంట్లో ఉండటంలో మనవాళ్ళు అసలు అందరికంటే ముందున్నారు. కె.వి. రెడ్డి 'మాయాబజార్' (1957)లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుణ్ణి చూడండి. కొండంత మనిషి, కోరినప్పుడు శశిరేఖ అవుతాడు. ఆ శశిరేఖలో సావిత్రి రంగారావు నడకని నడిచి చూపించింది. అదంతా అందరూ చెప్పిందే. నేను చెప్పదలచింది వాళ్ళ భాష సంగతి. అతని శిష్యులకి నోరు తిరగదు, సంస్కృతం పలకబోయి విరగ్గొడతారు. పింగళి నాగేంద్రరావు ఆ విరిగిన ముక్కలతోనే మాటలు కట్టాడు. 'అస్మదీయులు' ఉంది కాబట్టి దానికి ఎదురుగా 'తస్మదీయులు'. వ్యాకరణం ప్రకారం అలాంటి మాట లేదు. మామూలు హాస్యచిత్రమైతే ఇక్కడ గురువు శిష్యుడి నెత్తిన మొట్టాలి, మనం నవ్వాలి. ఘటోత్కచుడు మొట్టడు. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎలా వస్తాయన్న ధోరణిలో మాట్లాడి, తప్పు పలికినవాడికి వీరతాడు వేయిస్తాడు. మనం నవ్వుతాం, కాని పలికినవాడి పక్షాన నిలబడి నవ్వుతాం. ఆ తస్మదీయులు ఇవాళ పత్రికల్లో, చట్టసభల్లో మామూలు తెలుగు మాట. బలవంతుడైనవాడు చెయ్యగల పని ఇంతకంటే ఏముంటుంది? నేను ఇన్నేళ్ళూ చూసిన ఎగిరే వీరులెవరూ దీనికి సాటి రాలేదు. ఆ రోజు మా వసారాలో ఒక ఘటోత్కచుడు ఉండాల్సింది.

2021లో, అందరం ఇళ్ళలో కూర్చున్న రోజుల్లో, అదే మేనల్లుడు (ఇప్పుడు కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం) నాకు 'వాండావిజన్' చూపించాడు. "మామా, ఇది నీకోసమే తీసినట్టుంది, నవ్వులూ ఉన్నాయి, ఎగరటమూ ఉంది" అన్నాడు. మార్వెల్ వాళ్ళు టీవీకి తీసిన తొమ్మిది భాగాల ధారావాహిక. మొదటి భాగం నలుపు తెలుపులో, 1950ల నాటి అమెరికా ఇంటి హాస్యనాటికల ఫక్కీలో ఉంటుంది. మాట మాటకీ వెనక జనం నవ్వు. వాండా మంత్రశక్తి గల మనిషి, భర్త విజన్ యంత్రమానవుడు. ఇరుగుపొరుగుకి తెలియకుండా సంసారం చేస్తుంటారు. భర్త పై అధికారినీ ఆయన భార్యనీ భోజనానికి పిలుస్తారు. మాటల మధ్యలో ఆయనకి పొలమారుతుంది, ఊపిరాడదు. భార్య మొహంమీది నవ్వు చెరగకుండానే 'ఆపు, ఆపు' అంటూ ఉంటుంది. వెనక నవ్వులు ఎక్కడికో పోతాయి. తరవాత తెలుస్తుంది, విజన్ చనిపోయిన దుఃఖంలో వాండా ఒక ఊరు ఊరంతటినీ పట్టి ఈ హాస్యనాటికలో పాత్రలుగా మార్చేసింది. వాళ్ళు నవ్వుతున్నది వాళ్ళ ఇష్టంతో కాదు. ఇంకొకరి నాటికలో నవ్వు మొహం పెట్టుకుని నిలబడాల్సి రావటం అంటే ఏమిటో నాకు ఎవరూ వివరించక్కర్లేదు. సంగతి తెలియకుండా నవ్విన పెద్దమ్మ మొహం ఒకటి గుర్తుంది.

ఎనిమిదో భాగం ఉంది, దాని కోసమే ఇదంతా రాస్తున్నాను. వాండాది సొకోవియా అనే దేశం (పటంలో లేదు, కల్పితం). యుద్ధం జరుగుతున్న ఊళ్ళో చిన్న ఇల్లు. తండ్రి పెట్టె నిండా అమెరికా హాస్యనాటికల డిస్కులు అమ్ముకుని బతుకుతాడు. రాత్రి పూట తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ కూర్చుని వాటిలో ఒకటి చూస్తారు, ఇంగ్లీషు అలవాటు కావాలని ఆ సమయంలో ఇంగ్లీషే మాట్లాడుకోవాలని నియమం. పిల్ల నవ్వుతుంది. అంతలో బాంబు పడుతుంది. తల్లీ తండ్రీ పోతారు. పెంకుల కుప్పలో పిల్లలిద్దరూ ఉంటే, పగలని టీవీలో నవ్వులు ఇంకా వినిపిస్తూ ఉంటాయి. ఆ పిల్లకి సంతోషమంటే ఆ హాస్యనాటికే ఎందుకైందో, పెద్దయ్యాక తన దుఃఖానికి ఆ ఇల్లే ఎందుకు కట్టుకుందో అప్పుడు అర్థమవుతుంది. నవ్వుతూ నేర్చుకున్న పరభాష అది. అందులో ఉన్నంతసేపూ ఆమె యాస లేని ఇంగ్లీషు మాట్లాడుతుంది. కాని అయిదో భాగంలో ఒకచోట కోపంతో ఆ నాటిక హద్దు దాటి బయటికి వస్తుంది, తనమీద తుపాకులు గురిపెట్టినవాళ్ళ ఎదుట నిలబడి మాట్లాడుతుంది. అప్పుడు ఆమె నోట సొకోవియా యాస తిరిగి వస్తుంది. నవ్వుల్లో పోయిన యాస కోపంలో దొరికింది.

మావాడు అక్కడ బొమ్మ ఆపి, "విన్నావా మామా?" అన్నాడు. విన్నానన్నాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ముగింపు మాత్రం నాకు నచ్చలేదు. మంత్రగత్తెలిద్దరూ ఆకాశంలో రంగు రంగుల మెరుపులు విసురుకోవటంతో సరిపెట్టారు. అంతమంది ఊరివాళ్ళని అన్నాళ్ళు హింసపెట్టిన మనిషి, తల వంచుకుని వాళ్ళ మధ్యనుంచి నడిచి వెళ్ళిపోతే కథ తీరిపోయిందన్నారు. వీరుల ధారావాహికలకి ఉన్న జబ్బే ఇది. ఎగరగలిగినవాళ్ళు జవాబు చెప్పవలసిన వేళకి ఎగిరిపోతారు. అయినా ఆ ఎనిమిదో భాగం కోసం మిగతావన్నీ క్షమించేశాను, గంగాధర్ కోసం శక్తిమాన్‌ని క్షమించినట్టు.

ఆ రాత్రి మావాడు అటకమీంచి పాత పెట్టె దించాడు. మామయ్య టేపు అందులో ఉంది. నడిపే యంత్రం లేదు. వారం తరవాత ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు. టేపు సాగి, కోట శ్రీనివాసరావు గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. నేను మరిచిపోయిన సంగతి ఏమిటంటే, టీవీ ముందు పెట్టిన టేపులో సినిమా ఒక్కటే పడదు. గదిలో ఉన్నవాళ్ళ నవ్వులు కూడా పడ్డాయి. నాన్న దగ్గు ఉంది. లక్ష్మీపతి కోడి దగ్గర అందరి నవ్వూ ఉంది, వాటిలో పెద్దమ్మ నవ్వు విడిగా గుర్తుపట్టొచ్చు, అందరికంటే ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ఆగుతుంది. కొంచెంసేపటికి, రాజేంద్రప్రసాద్ ఏదో చెబుతుండగా, దాని మీదుగా వంటింటి వైపునుంచి ఆమె గొంతు పెద్దగా వచ్చింది: "రేయ్, పొద్దెక్కింది, నీళ్ళు పోసుకునేది లేదా మీరు?"

మావాడు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు.